మూడు ముళ్ళ గ్లాసు

మా కాలేజీ మేడ మీద అరటి తొక్కలు ఆరబోసి మూడు రోజులైంది. పిల్లల ప్రాజెక్టు పని. ఈ ఉదయం ల్యాబు తాళం తీస్తుంటే కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. ఎండుతున్న అరటి తొక్క వాసన ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెప్పడం కష్టం. మొదటి రోజు పచ్చి కూరలా ఉంటుంది, రెండో రోజు కాస్త పులుస్తుంది, మూడో రోజుకి బెల్లం పాకం అడుగంటుతున్నట్టు తీపిగా, కొంచెం మాడుగా తయారవుతుంది. మా అటెండరు ముక్కు మూసుకుని "ఏంటి మేడం ఈ కంపు" అన్నాడు. నాకు మాత్రం ఎవరో వెనక నుంచి వచ్చి "ఏవమ్మా బీయెస్సీ, తొక్కలు తిరగేసేవా?" అని అడిగినట్టనిపించింది. తాళంచెవి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పిలుపు విని రెండేళ్ళయింది. ఇక వినను కూడా.

అలా పిలిచిన మనిషి పేరు మంగతాయారు గారు. కొత్తపేట నుంచి అంబాజీపేట వెళ్ళే దారిలో, పొలాలకి నీళ్ళు పారే పిల్లకాలువ, పంట బోదె గట్టున ఆవిడకి కొబ్బరి పీచు షెడ్డు ఉండేది. పీచుని తాళ్ళుగా పేని, రంగులు వేసి, గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి వేసుకునే పట్టలు నేసేవారు. పాతికమంది ఆడవాళ్ళు పనిచేసేవారు. నేను డిగ్రీ పాసై ఇంట్లో ఖాళీగా కూర్చుంటే మా నాన్న తీసుకెళ్ళి ఆవిడకి అప్పగించారు. "కెమిస్ట్రీ చదివిందండీ, రంగుల దగ్గర పెట్టుకోండి" అన్నారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "కెమిస్ట్రీ అంటే ఏంటమ్మా?" అని అడిగారు. పదార్థాలూ, వాటి ధర్మాలూ, వాటిలో వచ్చే మార్పులూ అంటూ పుస్తకంలో మొదటి పేజీ గడగడా అప్పజెప్పాను. "ఆయ్. అయితే నేనూ అదే చేస్తన్నానన్నమాట, పేరు తెలీక" అన్నారు. వెటకారమో, నిజంగానే అన్నారో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి నా పేరు బీయెస్సీ అయిపోయింది. ఆవిడ చదివింది ఐదో తరగతి. నేను ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని.

ఆవిడ చేతులు మణికట్టు దాకా రంగే. ఎడమ చెయ్యి రాణీరంగు, కుడి చెయ్యి ఆకుపచ్చ. ఎన్నేళ్ళ నుంచో పట్టిన రంగు కాబట్టి ఏ సబ్బుకీ లొంగేది కాదు. పేరంటాలకి వెళ్ళి పసుపు రాయడానికి చెయ్యి చాపితే కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవారు. ఆవిడకి అదొక సరదా. "నేనెక్కడ దొంగతనం చేసినా ఇట్టే పట్టేస్తారమ్మా" అని నవ్వేవారు.

మొదటి రోజే నా వల్ల ఒక అపచారం జరిగింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక, మా అమ్మ పెట్టిన అరటిపండు తీసి రంగు కాగు పక్కన నిలబడి ఒలుస్తున్నాను. అందరిలోకీ పెద్దదైన సూరీడమ్మ పరుగున వచ్చి నా చేతిలో పండు లాక్కుని, పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని బయటికి తీసుకుపోయింది. నేను బిక్కమొహం వేసుకుని చూస్తుంటే మంగతాయారు గారు దగ్గరికి వచ్చి చెప్పారు.

"అది రంగుదొంగమ్మా. మా అత్తగారి కాలంలో ఎవరో పళ్ళు తిని తొక్కల బుట్ట కాగు గట్టు మీద పెట్టేరు. అది కాస్తా కాగులో బోర్లాపడింది. ఆవేళ తీసిన పీచంతా అక్కడో రంగు, ఇక్కడో రంగు, మధ్యలో వెలిసిపోయి ఉంది. రంగంతా తొక్కలు తాగేసేయి. అప్పట్నుంచీ ఈ షెడ్డులోకి అరటిపండు రాదు. సత్యనారాయణ వ్రతం చేసుకున్నా సరే, పండు గుమ్మం బయటే."

మూఢనమ్మకం అని మనసులో నవ్వుకున్నాను. కెమిస్ట్రీ చదివినదాన్ని కదా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

రంగు వేసిన పీచుని కడిగిన నీళ్ళన్నీ వెనక తూములోంచి బోదెలోకి పోయేవి. షెడ్డు దాటాక బోదె రోజుకొక రంగులో ఉండేది. బడికి వెళ్ళే పిల్లలు ఈ రోజు గులాబీయా, ఆకుపచ్చా అని పందేలు వేసుకునేవారు. మేమూ నవ్వుకునేవాళ్ళం. అందులో తప్పుందని నాకు తోచలేదు. ఇంత నీటిలో అంత రంగు ఎంత అనుకునేదాన్ని. మాఘమాసంలో ఒక ఉదయం గంగరాజు గారు తన ఆవుని తోలుకొచ్చి మా గేటుకి కట్టేసేదాకా అలాగే అనుకున్నాను.

గంగరాజు గారిది మా షెడ్డుకి దిగువన పొలం. ఆయన ఆవు మచ్చ లేని తెలుపు. ఆ రోజు దాని మూతి, మోకాళ్ళ దాకా నాలుగు కాళ్ళూ, తోక కుచ్చూ రాణీరంగులో ఉన్నాయి. బోదెలో దిగి నీళ్ళు తాగి వచ్చిందట. పనివాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు నొక్కుకున్నారు. మంగతాయారు గారు బయటికి వచ్చారు.

"మంగతాయారు గారండీ, మీ పీచుకి ఎలా పట్టిందో తెలీదు గానండీ, మా గొడ్డుకి మాత్రం రంగు భలే పట్టిందండీ" అన్నారు గంగరాజు గారు. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. "అది రోజూ తాగే నీళ్ళండీ అయి. దానికి నోరు లేదు. ఉంటే మీతో అదే చెప్పును" అని, ఆవుని అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

ఆవిడ కుంకుడుకాయలు కొట్టించి, మధ్యాహ్నం దాకా ఆ ఆవుని తన చేతులతో కడిగారు. నేను నీళ్ళు అందించాను. ఎంత రుద్దినా రంగు వదల్లేదు. ఆవు మూతి, ఆవిడ ఎడమ చెయ్యి ఒకటే రంగు. ఏది ఆవు చర్మమో, ఏది ఆవిడ చర్మమో తెలియనంతగా కలిసిపోయాయి. చివరికి ఆవిడ చేతులు దించేసి, "రంగు వెలవకూడదు, వెలవకూడదని ఇన్నేళ్ళూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నానమ్మా. విన్నట్టున్నాడు" అన్నారు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

సాయంత్రం ఆవిడే ఆవుని తోలుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. గంగరాజు గారి వాకిట్లో నలుగురూ వింటుండగా, "అన్నయ్యగారండీ, ఈ ఎండాకాలం కాలువలు కట్టేసి, మళ్ళీ వదిలే నాటికి మా షెడ్డు వెనకాల బోదెలో మీ ఆవు నీళ్ళు తాగుతుందండీ. తాగలేదా, నా కాగు నేనే బోర్లించేసుకుంటాను. అప్పటిదాకా రంగు ముట్టుకోను" అన్నారు. ఆయన "అంత మాటెందుకండీ" అన్నారు గానీ, మాట అయితే పడిపోయింది. తిరిగి వస్తూ దారంతా లెక్కలు వేసుకున్నాను. రంగు లేని పట్టలు అడిగేవాళ్ళు తక్కువ. కాగు బోర్లిస్తే పాతికమందీ ఇళ్ళకి పోవాల్సిందే. వాళ్ళలో ఒక్కరికి కూడా వేరే పని చేతకాదు.

మర్నాడు నేను ధీమాగా, "ఇదెంత పని పిన్నిగారూ, పటిక వేస్తే సరి" అన్నాను. పీచు కడిగే సిమెంటు గాబులో నిలవున్న రంగునీళ్ళలో పటిక వేసి కలిపాం. మట్టీ నలుసులూ అడుక్కి దిగి, గులాబీ రంగు మునుపటికంటే నిగనిగలాడింది. ఆవిడ గాబులోకి తొంగి చూసి, "పెళ్ళికూతురికి తలంటు పోసేవమ్మా" అన్నారు. తర్వాత కొబ్బరి చిప్పల బొగ్గు సంగతి చెప్పాను. కొంచెం కాల్చి నీళ్ళలో వేస్తే అది నిజంగానే పనిచేసింది. కానీ సరిపడా బొగ్గు కోసం బట్టీ పెట్టిన రోజున పొగ మూడు వీధుల వాళ్ళని ఇళ్ళలోంచి బయటికి తరిమింది. "ఒకాయన నీళ్ళు బాగుచెయ్యడానికి ఊరందరి ఊపిరీ పాడుచేస్తామా? ఆర్పెయ్" అన్నారు ఆవిడ. నాకు తెలిసినవి రెండే. రెండూ అయిపోయాయి. మూడేళ్ళ చదువు రెండు వారాల్లో ఖాళీ అయిపోయిందని ఆ రోజు వెనక వసారాలో కూర్చుని ఏడ్చాను.

ఆ మర్నాడే, అందరం భోజనాల దగ్గర ఉండగా ఆవిడ తింటున్న చెయ్యి ఆగిపోయింది. కాసేపు కాగు వైపే చూశారు. తర్వాత నెమ్మదిగా "బీయెస్సీ, నీ డబ్బాలో అరటిపండుందా?" అని అడిగారు.

"లేదండీ, ఒట్టండీ" అన్నాను హడలిపోయి.

"ఉంటే బాగుణ్ణని అడుగుతన్నాను. సూరీడమ్మా, కొట్టు దాకా వెళ్ళి ఒకటి పట్రా."

సూరీడమ్మ తెచ్చింది గానీ గుమ్మం బయటే నిలబడిపోయింది. ఆవిడే వెళ్ళి పండు తీసుకుని, షెడ్డు నడిమధ్యకి వచ్చి, కాగు పక్కనే నిలబడి ఒలిచారు. అత్తగారి కాలం నుంచి ఎవరూ చెయ్యని పని. పాతికమందిమీ ముద్ద మింగడం మరిచిపోయి చూస్తున్నాం. ఆవిడ తాపీగా పండు తిని, తొక్కని నాలుగు ముక్కలు చేసి, గాజుగ్లాసులో గాబు నీళ్ళు ముంచి అందులో వేశారు.

"కాగులో రంగు తాగే దొంగ, గాబులో రంగు మాత్రం వదులుతాడేంటమ్మా?" అన్నారు.

ఇన్నాళ్ళూ నేను మూఢనమ్మకం అనుకున్నదానిలో ఒక ప్రయోగం ఫలితం దాగి ఉంది. అందులో మేం చూసింది నష్టాన్నే. దాన్ని తిరగేసి చూడాలన్న ఆలోచన డిగ్రీ చదివిన నాకు రాలేదు, ఐదో తరగతి చదివిన ఆవిడకి వచ్చింది. మర్నాడు పొద్దున్న పరుగున వెళ్ళి చూస్తే గ్లాసులో నీళ్ళు సగానికి సగం తేలికపడ్డాయి. తొక్క లోపలి తెల్లటి భాగం ముదురు రాణీరంగులోకి తిరిగింది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని, దొరికిన నగని చూసినట్టు చూశారు.

అక్కడి నుంచి రెండు నెలలు మాకు పండగే. కొత్తపేట రోడ్డులో అరటికాయ చిప్స్ వేయించే బట్టీవాళ్ళు తొక్కలు బస్తాలకొద్దీ పారబోస్తారు. రోజూ సైకిలు మీద తెప్పించాం. పచ్చి తొక్కలు గాబులో వేస్తే రెండో రోజుకి కుళ్ళి, నీళ్ళు గోధుమరంగులోకి మారి, దోమలు ముసిరాయి. నేను డీలాపడిపోయాను. ఆవిడ మాత్రం, "అరటికాయ కూరకి ముందు ఉడకబెట్టి పసరు వార్చమూ? వడియాలు ఎండబెట్టకుండా డబ్బాలో పోస్తామా? ఇదీ అంతేనమ్మా" అన్నారు. ఉడికించి వార్చాం. మా పట్టల మీదే ఆరబోశాం. గలగలలాడేలా ఎండాక పొడి చేయించడానికి కారం మిల్లుకి తీసుకెళ్తే, మిల్లు ఆయన రెండు చేతులూ జోడించాడు. "తల్లీ, అసలే ఆవకాయ రోజులండీ. మా మిల్లులో అరటి తొక్కలు ఆడించేరని తెలిస్తే ఒక్కరు కారం పట్టించుకోరండీ" అన్నాడు. చివరికి ఆడవాళ్ళంతా వంతులు వేసుకుని రోట్లో దంచారు. దంచుతూ పాటలు పాడేవారు. పని పోతుందన్న భయం ఆ పాటల్లో ఎక్కడా వినపడేది కాదు.

ఎంత నీటికి ఎంత పొడి అన్నది తేల్చాలి. ఆవిడ సోడాకొట్టు నుంచి ఐదు గాజుగ్లాసులు తెచ్చి వరసగా పెట్టారు. అన్నిట్లో ఒకే కొలత రంగునీళ్ళు. మొదటిదానిలో ఒక చెంచా పొడి, రెండోదానిలో రెండు, అలా ఐదు దాకా. నేను కాగితం ముక్కల మీద అంకెలు వేసి అంటించబోతే ఆవిడ వద్దన్నారు. ప్రతి గ్లాసు మెడకీ ఒక పీచు తాడు చుట్టి, ఎన్ని చెంచాలైతే అన్ని ముళ్ళు వేశారు.

"కాయితం తడిస్తే చిరిగిపోద్ది. పీచు ముడి తడిస్తే ఇంకా బిగుస్తుందమ్మా" అన్నారు.

రంగు ఎంత పోయిందో చూడ్డానికి ఆవిడ దగ్గర ఏ మీటరూ లేదు. పెరట్లోంచి ఒక నందివర్ధనం పువ్వు కోసి గ్లాసు వెనక పట్టుకునేవారు. "పువ్వు తెల్లగా కనిపించాలి. తెల్లగా ఉందని నువ్వనుకోవడం కాదు, కనిపించాలి" అనేవారు. పుల్లతో కలుపుతూ కూర్చున్నాం. ఒక ముడి గ్లాసులో పువ్వు గులాబీలాగే ఉండిపోయింది. రెండు ముళ్ళదానిలో లేత గులాబీ. మూడో గ్లాసు ముందు నేను కూర్చున్నాను. రంగు పైకి లేవలేదు, కిందికి దిగలేదు. పొడిలో ఒక్కొక్క నలుసూ నల్లబడుతుంటే, చుట్టూ ఉన్న నీళ్ళు ఏమీ జరగనట్టు తేటపడుతూ వచ్చాయి. అరగంట దాటాక గ్లాసు వెనక పువ్వు తన రేకలతో, రేకల మీది గీతలతో సహా తెల్లగా కనిపించింది. నేను కన్నార్పలేదు. రంగు ఇలా నలుసులకి అంటుకుపోవడాన్ని చెప్పే అధిశోషణం అనే మాట పరీక్షలో రెండు మార్కులకి ఎన్నోసార్లు రాశాను. దాన్ని కళ్ళారా చూడటం అదే మొదటిసారి. ఆ మాట ఆవిడకి చెబితే, "పలకడానికే సగం ఊపిరి పోయేట్టుందే. మేం 'పట్టింది' అంటాం" అన్నారు. నాలుగు ముళ్ళకీ, ఐదు ముళ్ళకీ అంతకంటే తేడా లేదు. సూరీడమ్మ చప్పట్లు కొట్టి, "ఇంకేటండీ, రంగుకీ తొక్కకీ మూడు ముళ్ళూ పడిపోయేయి. ఇంక ఇడదియ్యడం మన వల్ల కాదు!" అంది. ఆ రోజు షెడ్డులో నవ్వులు బోదె అవతలి గట్టుకి వినపడి ఉంటాయి.

బావికి దింపే సిమెంటు వరలతో మూడు తొట్లు కట్టించి, పాత పంచెల్లో పొడి మూటలు కట్టి వాటిలో వేలాడదీశాం. కడిగిన నీళ్ళు ఒక తొట్టిలోంచి ఇంకోదానిలోకి ఊరుతూ, చివరికి తూములోంచి బోదెలో పడాలి. జ్యేష్ఠంలో కాలువలు వదిలారు. బోదెలోకి కొత్తనీళ్ళు రాగానే, కొన్ని నెలల తర్వాత మొదటిసారి కాగు కింద మంట పెట్టి, ఒక మోపు పీచుకి రాణీరంగు వేశాం. ఆ కడుగునీళ్ళు మూడు తొట్లూ దాటి బయటికి వచ్చేసరికి పువ్వు తెల్లగా కనిపించింది. గంగరాజు గారికి కబురు పెట్టాం. ఆయన ఆవుని తోలుకొచ్చారు. ఊరు సగం గట్టు మీదే ఉంది.

ఆవు తూము దగ్గర దిగింది. నీళ్ళ మీద మూతి పెట్టింది. ఒకసారి బుస్సుమని, తల ఎత్తేసి వెనక్కి తిరిగింది.

గంగరాజు గారే ఇబ్బందిపడి, "ఎండకి వచ్చింది కదండీ, రేపు తాగుద్దిలెండి" అన్నారు. మంగతాయారు గారు బోదెలో దిగి, తూము నీళ్ళు దోసిట్లో పట్టి వాసన చూశారు. నా వైపు తిరిగారు.

"పులుపు. రంగులో పోసే పులుపు మందుని తొక్క పట్టుకోలేదు. నాకు తెలిసింది ఇక్కడితో అయిపోయింది. ఇక్కడ నీ చదువు కావాలమ్మా బీయెస్సీ."

అందరి ముందూ అడిగారు. ఓడిపోయి, ఏడ్చి, పక్కన నిలబడి గ్లాసులు కడిగినదాన్ని. అంతమందిలో ఆ మనిషి నా చదువుని పిలిచి పీట వేశారు. "సున్నం" అన్నాను, ఆలోచించకుండానే. "నత్తగుల్లల సున్నం వేస్తే పులుపు విరుగుతుంది. రంగు కూడా తొక్కకి ఇంకా బాగా పడుతుందండీ." మూడు రోజులు లిట్మసు కాగితాలు పట్టుకుని, మొదటి తొట్టిలో చిటికెడు చిటికెడు సున్నం తూచి తూచి వేశాను. అన్నం కూడా గాబు గట్టు మీదే తిన్నాను.

నాలుగో రోజు గంగరాజు గారు మళ్ళీ వచ్చారు. ఆవుని దింపబోతుంటే మంగతాయారు గారు చెయ్యి అడ్డుపెట్టి ఆపారు. తూము కింద గ్లాసు పట్టి నింపారు. మెడకి మూడు ముళ్ళున్న గ్లాసే. ఏం చెయ్యబోతున్నారో నాకు అర్థమైంది.

"వద్దు పిన్నిగారూ! రంగు పోతే నీళ్ళు మంచివైపోయినట్టు కాదండీ. కంటికి కనపడనివి ఏముంటాయో మనకి తెలీదు."

ఆవిడ నన్ను చూశారు. కోపంగా కాదు. "మనకి తెలీదు కదా? మరి ఆవు తాగితే ఫర్వాలేదా అమ్మా?" అన్నారు.

"నోరు లేనిదాని మీదా మన పరీక్షలు? ముందు నోరున్నదాన్ని నేను తాగాలి" అని ఆవిడే ఒక గుక్క తాగారు. కాసేపు నోట్లో పుక్కిలించి చూసుకున్నట్టు ఆగి, "సున్నం కొంచెం తగ్గించు. నాలిక మీద తెలుస్తోంది" అన్నారు. గట్టు మీద ఎవరో నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నేను వద్దనడమే తెలివైన పని, ఆవిడ చేసింది సరైన పని కాకపోవచ్చు. ఈ రోజు నా విద్యార్థులెవరూ అలా చెయ్యకూడదనే చెబుతాను. కానీ తన తప్పుకి తన నాలుకనే ముందు పెట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

గంగరాజు గారు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నారు. "మీరు తాగేక ఇంక దీనికి పరీక్షేంటండీ" అన్నారు. "మాటంటే మాటేనండీ, దింపండి" అన్నారు ఆవిడ. ఆవు దిగింది. అప్పటికి దాని కాళ్ళకి కొత్త వెంట్రుకలు తెల్లగా వచ్చేశాయి, తోక చివర మాత్రం కాస్త గులాబీ మిగిలింది. మూతి పెట్టి, ఈసారి తల ఎత్తలేదు. అది గుటకలు వేస్తున్న చప్పుడు గట్టు మీద అందరికీ వినపడింది. మంగతాయారు గారు బురదలోనే చతికిలబడి, రెండు రంగుల చేతులతోనూ ముఖం కప్పుకుని ఏడ్చారు.

కథ అక్కడితో అయిపోయిందని నేననుకున్నాను. వారం తిరక్కుండానే ఆవిడ తొట్లలోంచి తీసిన పొడి మూటలు నా ముందు పెట్టి, "దొంగని పట్టుకున్నాం సరే, ఎక్కడ పెడదాం?" అని అడిగారు. రంగంతా తాగి నల్లగా అయిన పొడి. పొలంలో ఎరువుగా వేసేద్దామని ఎవరో అన్నారు. "ఇంత కష్టపడి పట్టుకుని, దొడ్డిదారిన వదిలేస్తామా?" అన్నారు ఆవిడ. మూత గట్టిగా పడే పీపాలు తెప్పించి, ఎండబెట్టిన పొడి వాటిలో పోయించి, ప్రతి మూత మీదా పీచు తాడు చుట్టి మూడు ముళ్ళు వేశారు. పీపాలు త్వరగా నిండకూడదని పట్ట అంతా రంగు వెయ్యడం మానేసి, అంచులకే వేయించారు. చిత్రంగా ఆ అంచు పట్టలే జనానికి నచ్చాయి. ఇలాంటివి తీసుకుని జాగ్రత్త చేసే చోటు విశాఖ వైపు ఒకటుందని తెలిసేదాకా ఎంతమందినో అడిగించారు. పీపాలు అక్కడికి పంపించేశారు, మొట్టమొదటిది తప్ప. నేను పై చదువు పూర్తిచేసి అమలాపురంలో ఉద్యోగంలో చేరినప్పుడు దాన్ని నాకు ఇచ్చారు. "అందరూ పెన్నులిస్తారు. నేను పీపా ఇస్తన్నాను" అని నవ్వారు.

ఆఖరిసారి చూసినప్పుడు ఆవిడ మంచం మీద ఉన్నారు. పని మానేసి చాలా రోజులైంది. చేతులు దుప్పటి మీద పెట్టుకుని ఉంటే ఒక్క క్షణం ఎవరి చేతులో అనుకున్నాను. రంగంతా పోయి మామూలు చామనచాయ చేతులు. ఆవిడ అసలు రంగు నేను చూడటం అదే మొదటిసారి. నా చూపు గమనించి, "వెలిసిపోయేను కదమ్మా" అన్నారు. తర్వాత "పీపా ఎక్కడ పెట్టేవు?" అని అడిగారు. ల్యాబు వెనక వసారాలో ఉందని చెప్పాను. "ముడి విప్పలేదు కదా?" అన్నారు. లేదన్నాను. "ఆయ్" అని కళ్ళు మూసుకున్నారు.

ఈ రోజు ల్యాబులో పిల్లలు ఎండిన తొక్కలు పొడి చేసి, ఐదు గ్లాసులు వరసగా పెట్టారు. మా దగ్గర ఇప్పుడు రంగుని కొలిచే యంత్రం ఉంది, అయినా గ్లాసు వెనక నందివర్ధనం పెట్టించాను. మూడో గ్లాసులో పువ్వు తెల్లబడగానే అందరూ చప్పట్లు కొట్టారు. "రంగు పోయింది మేడం!" అని అరిచారు. "ఎక్కడికి?" అన్నాను. ఏటా అడుగుతాను. ఏటా నవ్వేసి గ్లాసులు కడగడానికి వెళ్ళిపోతారు. ఈసారి ఒక పిల్ల వెళ్ళలేదు. బల్ల ముందు గొంతుక్కూర్చుని, గ్లాసు అడుగున పేరుకున్న నల్లటి మడ్డిని చాలాసేపు చూసింది.

"ఎక్కడికీ పోలేదు మేడం. ఇక్కడే ఉంది. ఇప్పుడు దీన్నేం చెయ్యాలి?"

"రామ్మా" అని ఆ పిల్లని వెనక వసారాలోకి తీసుకెళ్ళాను. పీపా చూపించి, నీ ప్రశ్న ఇందులో ఉంది, తెరిచి చూపిస్తానని కూర్చుని తాడు ముడి విప్పబోయాను. రాలేదు. గోళ్ళు నొప్పిపుట్టేదాకా లాగాను. ఎన్ని వానాకాలాలు తడిసిందో, ఆవిడ అన్నట్టే మూడు ముళ్ళూ రాయిలా బిగిసిపోయి ఉన్నాయి.